కొండ మీద కాలేజీ, కోచ్‌ల కార్ఖానా: హార్ట్‌విక్ సాకర్ టీమ్ కథ (ప్రసంగ పాఠం)

కాలేజీల్లో ఆటలు నేర్పే పీడీ సార్లందరికీ, మేడమ్‌లకీ, పొద్దున్నే ప్రాక్టీస్ చేసి అటు నుంచి అటే వచ్చి వెనక కూర్చున్న పిల్లలకీ నమస్కారం. నన్ను పిలిచినప్పుడు ఏమన్నారంటే చిన్న కాలేజీలో ఫుట్‌బాల్ టీమ్ ఎట్లా నిలబెట్టాలి అనే దాని మీద ఒక గంట మాట్లాడండి సార్ అన్నారు. డ్రిల్స్ మధ్యాహ్నం గ్రౌండ్‌లో చూపించేవాళ్ళు వేరే ఉన్నారు కాబట్టి నేను బోర్డు మీద బాణాలు గీయను, ఒక కాలేజీ కథ చెప్తాను, అంతే. అమెరికాలో హార్ట్‌విక్ అని ఒక కాలేజీ ఉంది. మీలో చాలామంది పేరు విని ఉండరు, అమెరికాలో ఉన్న మన పిల్లల్ని అడిగినా ఎక్కడుంది అది అంటారు. ఈ కథ జరిగిన రోజుల్లో పదిహేను వందల మంది విద్యార్థులు, కాస్త అటూ ఇటూ. మన దగ్గర ఒక మోస్తరు డిగ్రీ కాలేజీలో అంతకన్నా ఎక్కువ మంది ఉంటారు. ఆ కాలేజీ 1977లో అమెరికా కాలేజీ సాకర్‌లో, అంటే మన ఫుట్‌బాల్‌నే వాళ్ళు సాకర్ అంటారు, అందులో నేషనల్ ఛాంపియన్ అయింది, అది కూడా చిన్న కాలేజీలకి విడిగా పెట్టే టోర్నమెంట్‌లో కాదు, డివిజన్ వన్‌లో, అంటే ఇండియానా, యూసీఎల్ఏ, క్లెమ్సన్ లాంటి మహా మహా యూనివర్సిటీలు ఆడే దాంట్లో.

కప్పు ఒక్కటే గెలిచారు, ముందే చెప్తున్నా. కానీ నేను ఈ కథ ఎంచుకుంది కప్పు కోసం కాదు. ఆ కాలేజీ నుంచి బయటికొచ్చిన కోచ్‌ల పేర్లు ఒక్కొక్కటీ చెప్తూ పోతా, మీరు లెక్కపెట్టుకోండి. నా వాదన ఏంటంటే హార్ట్‌విక్ అసలు తయారు చేసింది ప్లేయర్లని కాదు, కోచ్‌లని.

ముందు ఊరు గురించి. ఊరి పేరు ఒనియోంటా. న్యూయార్క్ రాష్ట్రంలో ఉంది, అయితే న్యూయార్క్ అనగానే మనకి పెద్ద పెద్ద బిల్డింగులు గుర్తొస్తాయి కదా, అది కాదు, ఆ సిటీ నుంచి కారులో మూడు నాలుగు గంటలు వాయువ్యంగా పోతే కొండలు, సస్క్వెహానా నది, ఆ నది ఒడ్డున ఈ ఊరు. కాలేజీ పిల్లల్ని కలుపుకున్నా జనాభా పదిహేను వేలు దాటదు. మన కాజీపేట ఎట్లాగో ఒకప్పుడు ఆ ఊరు అట్లా, రైల్వే ఊరు అన్నమాట, డెలావేర్ అండ్ హడ్సన్ రైల్వే వాళ్ళ పెద్ద లోకో షెడ్డు అక్కడే ఉండేది, రైల్వే కార్మికుల పెద్ద యూనియన్ ఒకటి 1883లో అక్కడే పుట్టింది. అంటే పని చేసుకుని బతికే జనం. రైల్వే తగ్గిపోయాక ఊరికి మిగిలినవి రెండు కాలేజీలు, రెండూ కొండల మీదే. ఒకటి ప్రభుత్వానిది, ఒనియోంటా స్టేట్ అంటారు, రెండోది మన హార్ట్‌విక్, ప్రైవేటుది. హార్ట్‌విక్ మొదట లూథరన్ చర్చి వాళ్ళ సెమినరీగా, అంటే పాస్టర్లని తయారు చేసే బడిగా, 1797లో మొదలైంది, జాన్ క్రిస్టోఫర్ హార్ట్‌విక్ అనే పాస్టర్ గారు రాసిపోయిన ఆస్తితో పెట్టారు, అది వేరే చోట. ఒనియోంటాలో కాలేజీగా పెట్టింది 1928లో. ఆ కొండని ఒయారన్ హిల్ అంటారు, గ్రౌండ్ పేరు ఎల్మోర్ ఫీల్డ్.

చలికాలం అక్కడ మంచు మామూలుగా ఉండదు. సీజన్ ఆగస్టు చివర్లో మొదలై నవంబర్‌కల్లా అయిపోవాలి, పైకెళ్ళే కొద్దీ డిసెంబర్. మూడు నెలల్లో మొత్తం. కాబట్టి అక్కడ కోచ్‌కి టైమ్ అనేది ఉండదు, పిల్లలు వచ్చిన రోజే టీమ్ తయారైపోవాలి.

1950ల మధ్యలో అక్కడ సాకర్ టీమ్ మొదలైంది. అదే రోజుల్లో మన దగ్గర ఏం జరుగుతోందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానం, కోచ్ ఎవరు, మన హైదరాబాద్ రహీమ్ సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు, వృత్తి రీత్యా స్కూల్ టీచర్. అంతకు ముందు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌తో రోవర్స్ కప్ అనే పెద్ద జాతీయ టోర్నమెంట్ గెలిపించారు. అంటే ఆ సంవత్సరం లెక్క తీస్తే ఫుట్‌బాల్‌లో మనం ఎక్కడున్నాం, ఆ కొండ మీద కాలేజీ ఎక్కడుంది! రహీమ్ సాబ్ దగ్గరికి మళ్ళీ వస్తాను.

అప్పట్లో అమెరికాలో సాకర్ అంటే ఎవరికీ పట్టేది కాదు. యూనివర్సిటీల డబ్బంతా అమెరికన్ ఫుట్‌బాల్‌కి, బాస్కెట్‌బాల్‌కి పోయేది. ఎన్‌సీఏఏ అని వాళ్ళ కాలేజీ ఆటల సంస్థ ఉంది కదా, అది సాకర్‌కి నేషనల్ టోర్నమెంట్ పెట్టిందే 1959లో. ఆ మొదటి కప్పు సెయింట్ లూయిస్ యూనివర్సిటీ గెలిచింది, అక్కడి నుంచి 1973 దాకా ఏకంగా పది టైటిళ్ళు వాళ్ళవే. ఎందుకంటే సెయింట్ లూయిస్ ఊళ్ళో చర్చి స్కూళ్ళలో చిన్నప్పటి నుంచి పిల్లలు ఆడతారు, ఆ యూనివర్సిటీ ఊళ్ళో పిల్లల్ని ఏరుకుంటే చాలు. పెద్దవాళ్ళు పట్టించుకోని ఆట కాబట్టే చిన్నవాళ్ళకి సందు దొరికింది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, తర్వాత ఈ సందు మూసుకుపోయినప్పుడు ఏమైందో చెప్తాను.

1967లో అల్ మిల్లర్ అనే ఆయన హార్ట్‌విక్‌కి కోచ్‌గా వచ్చారు. పెన్సిల్వేనియా మనిషి, ఆ ముందు న్యూ పాల్ట్జ్ అని అదే రాష్ట్రంలో ఇంకో కాలేజీలో కోచింగ్ చేశారు. ఆయన వచ్చాక మూడేళ్ళకి, 1970లో, హార్ట్‌విక్ మొట్టమొదటిసారి ఫైనల్ ఫోర్‌కి, అంటే దేశంలో చివరి నాలుగు టీముల్లోకి వెళ్ళింది. ఆయన పేరు బయటికి పాకింది. అప్పుడు ఎన్‌ఏఎస్‌ఎల్ అని ప్రొఫెషనల్ లీగ్ ఉండేది, 1973లో ఫిలడెల్ఫియాలో కొత్తగా ఆటమ్స్ అని టీమ్ పెట్టారు, కోచ్‌గా ఎవర్ని తీసుకున్నారు, ఈ చిన్న కాలేజీ కోచ్‌ని. అప్పట్లో ఆ లీగ్‌లో కోచ్‌లూ ప్లేయర్లూ ఎక్కువ శాతం విదేశీయులే, అమెరికా పిల్లలకి ఆట రాదు అని అందరి నమ్మకం. మిల్లర్ ఏం చేశారంటే ఇంగ్లండ్ నుంచి కొద్దిమందిని తెచ్చుకుని మిగతా టీమ్‌ని కాలేజీల నుంచి వచ్చిన అమెరికా కుర్రాళ్ళతో నింపారు. పుట్టిన మొదటి సీజన్‌లోనే ఛాంపియన్లు అయ్యారు, ఫైనల్లో డాలస్ టోర్నడోని వాళ్ళ సొంత గడ్డ మీద 2–0తో ఓడించారు. ఆ టీమ్ గోల్‌కీపర్ బాబ్ రిగ్బీ ఫోటో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ కవర్ మీద వేశారు, అప్పట్లో సాకర్ ఆడేవాడి ఫోటో ఆ పత్రిక ముఖచిత్రంగా రావడం అంటే మాటలు కాదు. 1975లో మిల్లర్ కొంతకాలం అమెరికా జాతీయ జట్టుకి కూడా కోచ్. ఇది ఒక పేరు, లెక్కేసుకోండి.

ఇప్పుడు మామూలుగా ఏమవుతుందో మీకు తెలుసు. మంచి కోచ్ వెళ్ళిపోతే టీమ్ కూలిపోతుంది. మన కాలేజీల్లో చూస్తూనే ఉంటాం కదా, ఒక పీడీ సారు పదేళ్ళు కష్టపడి యూనివర్సిటీ టీమ్‌కి ఏటా ఇద్దరు ముగ్గుర్ని పంపిస్తాడు, ఆయనకి ట్రాన్స్‌ఫర్ అయితే రెండేళ్ళలో గ్రౌండ్‌లో గడ్డి మొలుస్తుంది, గోల్ పోస్టులకి బట్టలు ఆరేస్తారు. హార్ట్‌విక్‌లో అది జరగలేదు. మిల్లర్ తర్వాత టిమో లీకోస్కీ అనే ఫిన్లండ్ ఆయన వచ్చారు. ఆయన ఉన్నది మూడు సీజన్లే, 1973 నుంచి 1975, కానీ అందులో 1974లో మళ్ళీ ఫైనల్ ఫోర్. ఆ ఏడు సెమీస్‌లో హోవర్డ్ యూనివర్సిటీ చేతిలో ఓడిపోయారు. ఆ హోవర్డ్ కథ వేరే రోజు చెప్పుకోవాలి, నల్లజాతి విద్యార్థుల యూనివర్సిటీ అది, ట్రినిడాడ్ నుంచి వచ్చిన లింకన్ ఫిలిప్స్ అనే కోచ్, 1971లో గెలిచిన కప్పుని ఎన్‌సీఏఏ వెనక్కి తీసేసుకుంటే, 1974లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా మళ్ళీ వచ్చి గెలిచారు, అట్లాంటి టీమ్ చేతిలో ఓడిపోవడం ఎవరికైనా గౌరవమే. లీకోస్కీ తర్వాత ప్రొఫెషనల్ కోచింగ్‌కి వెళ్ళారు, 1996లో ఇప్పుడున్న ఎంఎల్ఎస్ అనే ప్రొఫెషనల్ లీగ్ మొదలైనప్పుడు కొలంబస్ క్రూ టీమ్‌కి మొట్టమొదటి కోచ్ ఆయనే. రెండో పేరు.

మూడో మనిషి జిమ్ లెనాక్స్. ఈయన దగ్గర కాసేపు ఆగుదాం.

లెనాక్స్ 1976లో వచ్చి 2002 దాకా ఉన్నారు. 27 సీజన్లు! ఒకే కాలేజీ, ఒకే గ్రౌండ్. ఈయన ఉన్న మొదటి రెండేళ్ళలోనే ఆ కాలేజీ చరిత్రలో పెద్ద సంఘటనలు రెండూ జరిగాయి. 1976 టీమ్‌లో గ్లెన్ మయర్నిక్ అని డిఫెండర్ ఉన్నాడు, అందరూ ముద్దుగా మూచ్ అని పిలిచేవాళ్ళు, న్యూజెర్సీలో ట్రెంటన్ ప్రాంతం కుర్రాడు. మన తెలుగు వాళ్ళు కుప్పలు కుప్పలుగా ఉండే ఎడిసన్‌కి కారులో గంట లోపే, ఇప్పుడక్కడ మన పిల్లలు కూడా శనివారం పొద్దున్నే బూట్లేసుకుని సాకర్‌కి పరిగెత్తుతున్నారు. అప్పట్లో మాత్రం ట్రెంటన్ అంటే ఫ్యాక్టరీల ఊరు, యూరప్ నుంచి వచ్చిన కూలి కుటుంబాలు, వాళ్ళతో పాటు వచ్చిన ఆట. 1976లో మయర్నిక్‌కి హెర్మన్ ట్రోఫీ వచ్చింది, అంటే ఆ ఏడాది దేశం మొత్తం మీద బెస్ట్ కాలేజీ ప్లేయర్ అన్నమాట. అంత గొప్ప ప్లేయర్ ఉండి కూడా ఆ ఏడు సెమీస్‌లో ఇండియానా చేతిలో 2–1తో ఓడిపోయారు. మయర్నిక్ చదువు అయిపోయింది, వెళ్ళిపోయాడు.

దేశంలోనే బెస్ట్ ప్లేయర్ వెళ్ళిపోయిన మరుసటి ఏడు గెలిచారు, చూడండి!

1977. ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, 16 గెలుపులు, 2 డ్రాలు. మిడ్‌ఫీల్డ్‌లో బిల్లీ గజోనస్ అని ఒక కుర్రాడు, ఇతనూ ట్రెంటన్ వైపు వాడే, పొట్టివాడు, ఐదున్నర అడుగులు కూడా ఉండడేమో అన్నట్టుంటాడు, వరసగా రెండో ఏడు హెర్మన్ ట్రోఫీ హార్ట్‌విక్‌కే వచ్చింది, ఈసారి గజోనస్‌కి. పదిహేను వందల మంది ఉన్న కాలేజీలో వరసగా రెండేళ్ళు దేశపు బెస్ట్ ప్లేయర్, ఇద్దరు వేరు వేరు పిల్లలు, ఒకడు డిఫెండర్ ఇంకోడు మిడ్‌ఫీల్డర్. నాకు ఈ ఒక్క సంగతే కోచింగ్ గురించి చాలా చెప్తుంది, ఎందుకంటే ఒక స్టార్ దొరకడం అదృష్టం అనుకోవచ్చు, రెండోవాడు కూడా అదే వరసలో తయారైతే అక్కడ పద్ధతి ఉన్నట్టు లెక్క.

సెమీస్‌లో బ్రౌన్ యూనివర్సిటీని ఓడించి ఫైనల్‌కి వెళ్ళారు. ఫైనల్ ఎక్కడంటే కాలిఫోర్నియాలో, బర్కిలీలో, మెమోరియల్ స్టేడియం. డిసెంబర్ నెల. అవతల టీమ్ ఎవరు, యూనివర్సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో. బర్కిలీకి శాన్‌ఫ్రాన్సిస్కోకి మధ్య ఒక్క అఖాతం, దాని మీద ఒక బ్రిడ్జి, అంటే వాళ్ళు బ్రిడ్జి దాటి వస్తే చాలు, వీళ్ళు మాత్రం దేశం ఆ చివర నుంచి ఈ చివరకి రావాలి. పైగా శాన్‌ఫ్రాన్సిస్కో వరసగా 1975, 1976 రెండేళ్ళూ ఛాంపియన్, మూడోది కూడా మాదే అని వచ్చారు. వాళ్ళ కోచ్ స్టీవ్ నెగోయెస్కో, రుమేనియా మూలాలున్న మనిషి, ప్రపంచం నలుమూలల నుంచి పిల్లల్ని తెచ్చి ఆడించడంలో దిట్ట, నార్వే వాళ్ళు, నైజీరియా వాళ్ళు, అందరూ పెద్ద పెద్ద మనుషులు. ఇట్లాంటి మ్యాచ్‌లో చిన్న కాలేజీ వాళ్ళు ఏం చేస్తారు, వెనక్కి తగ్గి గోల్ ముందర గోడ కట్టి ఎట్లాగో డ్రాకి లాగుదాం అనుకుంటారు, మనమూ చాలాసార్లు అదే చేస్తాం. గజోనస్ లాంటి చిన్న మనిషిని మధ్యలో పెట్టుకుని సీజన్ అంతా ఆడిన టీమ్‌కి ఆ అవసరం రాలేదు, బంతి కాళ్ళ దగ్గర ఉంచుకోవడం వాళ్ళకి తెలుసు. 2–1. హార్ట్‌విక్ గెలిచింది.

ఆ రోజు నుంచి ఈ రోజు వరకు డివిజన్ వన్ మగపిల్లల సాకర్‌లో కప్పు గెలిచిన అతి చిన్న కాలేజీల్లో హార్ట్‌విక్ ఒకటి.

తర్వాత 1980లో, 1984లో, 1985లో మళ్ళీ ఫైనల్ ఫోర్‌కి వెళ్ళారు. 1980లో మళ్ళీ ఇండియానాయే అడ్డు, 1984లో క్లెమ్సన్, 1985లో అమెరికన్ యూనివర్సిటీ. మొత్తం ఏడుసార్లు చివరి నాలుగులోకి. కప్పు ఒకటే. కొంతమంది ఏడుసార్లు వెళ్ళి ఒక్కసారే గెలిచారా అంటారు, నాకు ఆ లెక్క నచ్చదు, పదిహేనేళ్ళ పాటు దేశంలో మొదటి నాలుగు టీముల గురించి మాట్లాడితే ఆ కొండ ఊరి పేరు రాకుండా ఉండలేదు, అది నాకు కప్పు కన్నా పెద్దది.

ఊరు కూడా ఆటతో పాటు మారిపోయింది. రెండో కాలేజీ ఒనియోంటా స్టేట్ కూడా తక్కువేం కాదు, 1972లో చిన్న కాలేజీల విభాగంలో నేషనల్ ఫైనల్ ఆడింది, తర్వాత వాళ్ళూ డివిజన్ వన్‌లో ఆడారు. ఒకే చిన్న ఊళ్ళో రెండు డివిజన్ వన్ సాకర్ టీములు, మేయర్స్ కప్ అని ఏటా టోర్నమెంట్. ఊరి వాళ్ళు సాకర్ టౌన్ యూఎస్ఏ అని పేరు పెట్టుకున్నారు. అక్కడితో ఆగారా, అమెరికా మొత్తానికి నేషనల్ సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్ మా ఊళ్ళోనే పెడతాం అని 1979లో మొదలుపెట్టారు, పెట్టారు కూడా. పక్కనే కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది, వాళ్ళకుంటే మాకెందుకుండకూడదు అని. 1999లో పెద్ద కొత్త భవనం, చుట్టూ గ్రౌండ్లు. బాధాకరమైన విషయం ఏంటంటే జనం రావడం తగ్గి డబ్బు సరిపోక 2010లో మూసేశారు, ఇప్పుడది టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంది, 2018లో తెరిచారు. ఫ్రిస్కో అంటే మళ్ళీ మన తెలుగు వాళ్ళ ఊరే, డాలస్ పక్కన, మీ చుట్టాలెవరైనా అక్కడుంటే వెళ్ళినప్పుడు తప్పకుండా చూసి రండి, టొయోటా స్టేడియంలోనే ఉంటుంది.

ఇప్పుడు సందు మూసుకుపోవడం గురించి చెప్తానన్నాను కదా. దీనికి అమెరికా సిస్టమ్ కొంచెం అర్థం కావాలి, ఓపిక పట్టండి, మన యూనివర్సిటీ రూల్స్ కన్నా కష్టమేం కాదు. ఎన్‌సీఏఏలో మూడు డివిజన్లు. డివిజన్ వన్‌లో ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వచ్చు. డివిజన్ త్రీలో ఆట పేరు మీద ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు, చదువుకో, పేదరికానికో ఇచ్చుకోవచ్చు. హార్ట్‌విక్ మొత్తం కాలేజీ డివిజన్ త్రీనే, కానీ మగపిల్లల సాకర్ ఒక్కటీ, ఆడపిల్లల్లో వాటర్ పోలో ఒకటీ మాత్రం డివిజన్ వన్‌లో ఆడేవాళ్ళు, పాత అలవాటు కొద్దీ ప్రత్యేక అనుమతితో. ఇట్లాంటి కాలేజీలు దేశం మొత్తం మీద ఎనిమిదే, జాన్స్ హాప్కిన్స్ లక్రాస్ అని వల కట్టిన కర్రలతో ఆడే ఆటలో, కొలరాడో కాలేజీ ఐస్ హాకీలో, ఇట్లా. 2004 జనవరిలో ఎన్‌సీఏఏ మీటింగ్‌లో ప్రతిపాదన పెట్టారు, ఈ ఎనిమిది కాలేజీలు ఆ స్కాలర్‌షిప్‌లు ఆపేయాలి అని. ఆపేస్తే ఆ టీములు చచ్చిపోయినట్టే. ఈ కాలేజీలన్నీ కలిసి తిరిగి, మాట్లాడి, ఒప్పించి, మేము ఎప్పటి నుంచో చేస్తున్నాం మమ్మల్ని వదిలేయండి, కొత్తవాళ్ళకి మాత్రం వద్దు అని సవరణ పెట్టించుకున్నారు, ఓటింగ్‌లో నెగ్గారు.

రూల్ గెలిచింది గానీ డబ్బు గెలవలేదు. డివిజన్ వన్‌లో మగపిల్లల సాకర్‌కి అప్పట్లో లిమిట్ 9.9 స్కాలర్‌షిప్‌లు. టీమ్‌లో పాతిక మంది పైన ఉంటారు, కోచ్ ఆ తొమ్మిదిన్నర చిల్లరని ముక్కలు చేసి పంచాలి, గోల్‌కీపర్‌కి ముప్పావు, స్ట్రైకర్‌కి సగం, కొత్తగా వచ్చినవాడికి పావు, కొందరికి పుస్తకాల ఖర్చు. పెద్ద యూనివర్సిటీకి అమెరికన్ ఫుట్‌బాల్ మీద కోట్ల డాలర్లు వస్తుంటే ఆ 9.9 పూర్తిగా ఇస్తుంది, పైన కృత్రిమ గడ్డి గ్రౌండ్, ముగ్గురు అసిస్టెంట్లు, విమానం. 1970ల్లో వాళ్ళకి సాకర్ మీద మనసు లేదు, 1990లకి వచ్చింది, వర్జీనియా యూనివర్సిటీ వాళ్ళు 1991 నుంచి 1994 వరకు వరసగా నాలుగు కప్పులు కొట్టారు, కోచ్ బ్రూస్ అరీనా. పెద్దవాళ్ళు లోపలికొచ్చాక ఇక చిన్నవాళ్ళకి చోటు ఎక్కడ. హార్ట్‌విక్ ఆఖరి రోజుల్లో సన్ బెల్ట్ అనే దక్షిణాది గ్రూపులో ఆడింది, ఆ మ్యాచ్‌లకి న్యూయార్క్ కొండల్లోంచి జార్జియా, కరోలినా దాకా పోయి రావాలి, పిల్లల చదువు ఏం కావాలి, బస్సుకి, విమానానికి ఎవడు కట్టాలి. 2017 సీజన్ తర్వాత కాలేజీ చేతులెత్తేసింది, 2018 నుంచి సాకర్ కూడా డివిజన్ త్రీ.

ఈ నిర్ణయం గురించి పాత విద్యార్థులు చాలా బాధపడ్డారు. నేను ఇంత దూరంలో కూర్చుని కూడా బాధపడ్డాను, నిజంగా. కానీ కాలేజీని తిట్టను. పిల్లల ఫీజుల మీద నడిచే కాలేజీ అది, లెక్క సరిపోనప్పుడు ఆటని పూర్తిగా ఎత్తేయకుండా ఆడిస్తూనే ఉంది, ఎత్తేసిన వాళ్ళని ఎంతమందిని చూడలేదు.

ఇప్పుడు పేర్ల లెక్కకి వద్దాం. మిల్లర్, లీకోస్కీ చెప్పాను. లెనాక్స్ గారు కాలేజీ టీమ్ ఒక్కటే చూసుకోలేదు, దేశంలోని సాకర్ కోచ్‌ల సంఘానికి కోచింగ్ డైరెక్టర్‌గా ఉండి వేలమంది కోచ్‌లకి పాఠాలు చెప్పారు. ఆ తర్వాత అదే పదవిలోకి వచ్చిన జెఫ్ టిప్పింగ్ కూడా 1970ల్లో హార్ట్‌విక్‌లో ఆడినవాడే, ఇంగ్లండ్ నుంచి వచ్చి ఆడి, మ్యూలెన్‌బర్గ్ అని ఇంకో చిన్న కాలేజీలో ఏళ్ళ తరబడి కోచింగ్ చేశాడు. మూచ్ మయర్నిక్ సంగతి, ప్రొఫెషనల్‌గా ఆడటానికి డాలస్ టోర్నడోకి వెళ్ళాడు, అప్పుడు అక్కడ కోచ్ ఎవరనుకున్నారు, అల్ మిల్లరే! తర్వాత కోచ్ అయ్యి కొలరాడో రాపిడ్స్‌ని 1997లో ఎంఎల్ఎస్ కప్ ఫైనల్‌కి తీసుకెళ్ళాడు, 2002, 2006 రెండు ప్రపంచ కప్పుల్లోనూ అమెరికా టీమ్‌కి అసిస్టెంట్ కోచ్, 2002లో అమెరికా క్వార్టర్‌ఫైనల్ దాకా వెళ్ళింది గుర్తుందా, ఆ బెంచ్ మీద ఉన్నాడు. 2006 అక్టోబర్‌లో పొద్దున్నే పరుగుకి వెళ్ళి గుండెపోటుతో పడిపోయి, తర్వాత ఆస్పత్రిలో చనిపోయాడు, యాభై రెండేళ్ళకి కూడా రాలేదు. ఫ్రాన్సిస్కో మార్కోస్ అని పోర్చుగల్‌లో పుట్టిన ఆయన, హార్ట్‌విక్ పాత విద్యార్థే, 1986లో నాలుగైదు ఊళ్ళ ఇండోర్ టీములతో ఒక చిన్న లీగ్ మొదలుపెట్టాడు, అది పెరిగి పెరిగి ఇవాళ అమెరికాలో యూఎస్ఎల్ అనే పెద్ద లీగుల గుంపు అయింది.

ఇక ఇయాన్ మెకింటైర్. ఇంగ్లండ్ కుర్రాడు, లెనాక్స్ దగ్గర హార్ట్‌విక్‌లో ఆడాడు, చదువయ్యాక అదే ఊళ్ళో అవతలి కొండ మీద ఒనియోంటా స్టేట్‌కి కోచ్, 2003లో గురువు దిగిపోతే ఆ కుర్చీలోకి వచ్చాడు, 2009 దాకా ఉన్నాడు. అంటే 1967 నుంచి 2009 వరకు 43 సీజన్లకి నలుగురే కోచ్‌లు. మన దగ్గర ఏ కాలేజీలోనైనా 43 ఏళ్ళలో ఎంతమంది పీడీలు మారారో లెక్కేయండి, అందులో పోస్టు ఖాళీగా ఉన్న ఏళ్ళు కూడా కలిపి. మెకింటైర్ 2010లో సిరాక్యూస్ యూనివర్సిటీకి వెళ్ళాడు. 2022 డిసెంబర్‌లో సిరాక్యూస్ నేషనల్ ఫైనల్‌కి వచ్చింది, అవతల ఎవరు, ఇండియానా, 1976లో, 1980లో హార్ట్‌విక్‌ని సెమీస్‌లో ఇంటికి పంపిన ఇండియానా, అప్పటికి ఎనిమిదిసార్లు ఛాంపియన్. 2–2, ఎక్స్‌ట్రా టైమ్‌లోనూ తేలలేదు, పెనాల్టీల్లో 7–6తో సిరాక్యూస్ గెలిచింది. సిరాక్యూస్ సాకర్ చరిత్రలో అదే మొదటి ఎన్‌సీఏఏ కప్పు. చిన్న కాలేజీ టీమ్ కింది డివిజన్‌కి పోయిన నాలుగేళ్ళకి ఆ కాలేజీ పిల్లాడు పెద్ద కప్పు ఎత్తాడు.

రహీమ్ సాబ్ దగ్గరికి మళ్ళీ వస్తానన్నాను. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో సౌత్ కొరియాని 2–1తో ఓడించి గోల్డ్ తెచ్చారు, అప్పటికే ఒంట్లో క్యాన్సర్, 1963లో పోయారు. ఆయన తర్వాత అదే వరసలో కొంతమంది వచ్చారు, ఆయన కొడుకు హకీమ్ సాబ్ 1960 ఒలింపిక్స్ జట్టులో ఉండి, కోచ్ అయ్యి, ఫిఫా రెఫరీ కూడా అయ్యారు, నయీముద్దీన్ గారు ఇండియా కెప్టెన్ అయ్యి తర్వాత ఇండియాకే కోచ్ అయ్యారు. అందరూ గొప్పవాళ్ళే, కానీ వాళ్ళని ఒక చోట కూర్చోబెట్టి ఇది మీ కుర్చీ, ఇరవై ఏడేళ్ళు ఉండండి, మీ తర్వాత మీ శిష్యుడికే ఇస్తాం అని చెప్పిన సంస్థ మన దగ్గర లేకపోయింది. ప్రతిభ లేక కాదండి. ఇక్కడ బార్కస్‌లో, సికింద్రాబాద్‌లో ఇప్పటికీ చెప్పుల్లేకుండా బంతి ఆపే పిల్లలున్నారు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆఁ, సార్ చెప్పండి... సార్ అడుగుతున్నది ఏంటంటే వాళ్ళు విదేశీ పిల్లల్ని తెచ్చుకునే కదా గెలిచింది అని. కొంతవరకు నిజమే సార్, ఇంగ్లండ్ వాళ్ళు, ఇంకా కొన్ని దేశాల వాళ్ళు ఎప్పుడూ ఉండేవాళ్ళు. కానీ హెర్మన్ ట్రోఫీలు తెచ్చిన ఇద్దరూ పక్క రాష్ట్రం పిల్లలే. శాన్‌ఫ్రాన్సిస్కోతో పోలిస్తే హార్ట్‌విక్ తెచ్చుకున్నది తక్కువే అనిపిస్తుంది నాకు.

మేడమ్, మీరు... మన కాలేజీలో బడ్జెట్ లేదు, మాకు మూడు బంతులున్నాయి, అందులో ఒకటి గాలి నిలవదు, మేమేం చేయాలి అంటున్నారు. మేడమ్, నేను మీకు డబ్బు తెప్పించలేను. ఒక్క పని మాత్రం ఈ సంవత్సరం చేయండి. మీ సెకండ్ ఇయర్ పిల్లల్లో ఆట బాగా అర్థమైనవాడు ఒకడు ఉంటాడు, అందరికన్నా బాగా ఆడేవాడు కానక్కర్లేదు, వాడికి ఫస్ట్ ఇయర్ పిల్లల ప్రాక్టీస్ అప్పజెప్పండి, వారానికి రెండు రోజులు. పక్కన నిలబడి చూడండి, తప్పు చేస్తే ప్రాక్టీస్ అయ్యాక విడిగా పిలిచి చెప్పండి, పిల్లల ముందు అనొద్దు. డిగ్రీ అయ్యాక వాడు బీపీఎడ్, అంటే వ్యాయామ విద్య కోర్సు, చేస్తానంటే అప్లికేషన్ మీరే దగ్గరుండి నింపించండి. సరేనా మేడమ్? ఇంకెవరైనా? లేకపోతే గ్రౌండ్‌లో కోన్‌లు పెట్టేశారంట, బూట్లేసుకుని పదండి.